ఒక్క డ్రోన్ విమానాశ్రయాన్ని ఎలా మూయిస్తుంది? దాన్ని ఆపడం ఎందుకంత కష్టం?

[తెర మీద: రాత్రి వేళ ఖాళీ రన్‌వే, పక్కన వరుసగా నిలిచిపోయిన విమానాలు]

2018 డిసెంబరు 19, రాత్రి తొమ్మిది గంటలు. లండన్‌కు దక్షిణాన ఉన్న గాట్విక్ విమానాశ్రయంలో ఒక భద్రతా ఉద్యోగి డ్రోన్లు చూశానని కబురు చేశారు. వెంటనే రన్‌వే మూసేశారు. తెల్లవారుజామున మూడింటికి తెరిచారు. ముప్పావు గంటకే మళ్లీ కనిపించిందన్నారు, మళ్లీ మూత. ఆ తర్వాత 21వ తేదీ ఉదయం దాకా అక్కడ విమానం లేచింది లేదు, దిగింది లేదు. అసలే క్రిస్మస్ ముందు రోజులు. సుమారు వెయ్యి విమానాలు రద్దయ్యాయి, లేకపోతే వేరే ఊళ్లకు మళ్లాయి. దాదాపు 1,40,000 మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. సైన్యాన్ని కూడా పిలవాల్సి వచ్చింది.

ఇంతకీ ఎగరేసింది ఎవరు? నేటికీ తేలలేదు. ఒక జంటను అరెస్టు చేసి, వాళ్లకేమీ సంబంధం లేదని వదిలిపెట్టారు. తర్వాత పరిహారం కూడా చెల్లించారు. నమ్మదగ్గ ఫొటో ఒక్కటి కూడా బయటికి రాలేదు. జనం చూశామని చెప్పిన డ్రోన్లలో కొన్ని, వెతకడానికి పోలీసులే ఎగరేసినవి అయ్యుండొచ్చని అక్కడి పోలీసు ఉన్నతాధికారే ఒప్పుకున్నారు. 2020 సెప్టెంబరులో దర్యాప్తు ముగించేశారు.

ఒక్క క్షణం ఆలోచించండి. మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంట, మహా అయితే నలభై నిమిషాలు వస్తుంది. మరి ముప్పై గంటలకు పైగా రన్‌వే ఎందుకు మూతపడింది? "డ్రోన్ వెళ్లిపోయింది, ఇక విమానాలు వదలొచ్చు" అని పూచీ పడి చెప్పగలిగే మనిషి గానీ, పరికరం గానీ అప్పట్లో అక్కడ లేకపోవడం వల్ల.

డ్రోన్ల సమస్య అనగానే అందరం తుపాకులు, లేజర్లు, వలల గురించే మాట్లాడతాం. నా ఉద్దేశంలో అసలు చిక్కు అంతకంటే ముందే ఉంది. అక్కడ నిజంగా డ్రోన్ ఉందా, లేదా? దీనికి జవాబు చెప్పలేని విమానాశ్రయం ఎంత ఖరీదైన ఆయుధం కొన్నా ఉపయోగం లేదు.

[తెర మీద: విమానం ఇంజన్, రెక్క అంచు దగ్గరగా]

అసలు ఇంత భయం అవసరమా? కిలో బరువు లేని బొమ్మలాంటి వస్తువు అంత పెద్ద విమానాన్ని ఏం చేస్తుంది?

విమానం దిగేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. పక్షులు తగులుతూనే ఉంటాయి కదా అనొచ్చు. విమాన ఇంజన్లను పక్షులతో కొట్టించి పరీక్షించాకే అనుమతి ఇస్తారు. డ్రోన్‌తో అలాంటి తప్పనిసరి పరీక్ష లేదు. పైగా పక్షి ఒళ్లంతా మెత్తన. డ్రోన్‌లో మోటార్లు, కెమెరా, బ్యాటరీ అన్నీ గట్టి ముక్కలే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చేయించిన పరిశోధనలో, అదే బరువున్న పక్షి కంటే డ్రోనే ఎక్కువ నష్టం చేస్తుందని 2017లో తేలింది.

ఇదంతా లెక్కల్లోనే కాదు, ఆకాశంలోనూ జరిగింది. 2017 అక్టోబరులో కెనడాలోని క్విబెక్ సిటీలో దిగబోతున్న చిన్న ప్రయాణికుల విమానం రెక్కకు డ్రోన్ తగిలింది. అదృష్టం, క్షేమంగా దిగింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు మీద నీళ్లు చల్లుతున్న విమానాన్ని ఒక డ్రోన్ గుద్దితే రెక్కకు చిల్లు పడింది. ఊరు కాలిపోతున్న రోజుల్లో ఆ విమానం మరమ్మతు కోసం నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. మంటలు చూడాలన్న ఒకరి సరదా వల్ల!

కాబట్టి "డ్రోన్ కనిపించింది" అని ఎవరైనా అంటే రన్‌వే మూసేసే అధికారిని నేను తప్పుపట్టను. విమానం నిండా మనుషులున్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

[తెర మీద: రాడార్ తెర, చుక్కలు కదులుతుంటాయి]

విమానాశ్రయంలో అంత పెద్ద రాడార్ ఉంటుంది, దానికి డ్రోన్ కనిపించదా అని చాలామంది అడుగుతారు. అక్కడ రెండు రకాల రాడార్లు వాడతారు. ఒకటి విమానాన్ని "నువ్వెవరు?" అని అడుగుతుంది, విమానంలో ఉన్న ట్రాన్స్‌పాండర్ అనే పరికరం జవాబిస్తుంది. మామూలు డ్రోన్లో ఆ పరికరమే ఉండదు, ఇక జవాబెక్కడిది? రెండోది రేడియో తరంగాలు పంపి, తగిలి తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. కానీ పక్షులూ, రోడ్డు మీది వాహనాలూ అన్నీ చూపిస్తే విమానాల రాకపోకలు నడిపించే కంట్రోలర్‌కు తెర మీద ఏదీ అర్థం కాదు. అందుకే చిన్నవాటినీ, నెమ్మదిగా కదిలేవాటినీ వదిలేసేలా దాన్ని తయారుచేశారు. జల్లెడలో నూకలు కిందికి జారిపోయినట్టు, డ్రోన్ కూడా వాటితోపాటే జారిపోతుంది. రాడార్‌లో లోపమేమీ లేదు, దానికి అప్పజెప్పిన పనే వేరు.

అందుకని డ్రోన్ల కోసం ప్రత్యేక రాడార్లు వచ్చాయి. వీటికి పెద్ద తలనొప్పి పక్షులు. డ్రోన్ రెక్కలు గిర్రున తిరుగుతాయి, పక్షి రెక్కలు కొట్టుకుంటాయి; తిరిగొచ్చే తరంగంలో ఈ తేడా సన్నగా కనిపిస్తుంది. దాన్ని బట్టి ఏది ఏదో విడదీస్తారు.

ఇంకో పద్ధతి, డ్రోన్‌కూ దాన్ని నడిపేవాడి చేతిలోని రిమోట్‌కూ మధ్య నడిచే రేడియో సంభాషణను వినడం. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఎందుకంటే డ్రోన్ ఎక్కడుందో చెప్పడంతో ఆగదు, చాలా సందర్భాల్లో నడిపేవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా చూపిస్తుంది. గాల్లో ఉన్నదాన్ని వెంటాడే బదులు పోలీసులు నేరుగా ఆ మనిషి దగ్గరికే వెళ్లొచ్చు. అయితే ముందే దారి నిర్ణయించి వదిలేసిన డ్రోన్ ఎవరితోనూ మాట్లాడదు. ఉక్రెయిన్ యుద్ధంలోనైతే సన్నటి ఫైబర్ తీగతో నడిచే డ్రోన్లు వచ్చాయి. వాటి దగ్గర వినడానికి రేడియో సిగ్నలే లేదు.

మైకులతో చప్పుడు పట్టే పరికరాలూ ఉన్నాయి గానీ, జెట్ ఇంజన్ల హోరులో వాటికి వినిపించేది అంతంత మాత్రమే. కెమెరాలు బాగా పనికొస్తాయి, పొగమంచు లేకపోతే. అందుకే ఏ ఒక్కదాన్నీ నమ్ముకోరు. రాడార్ చూపించిన చోటికి కెమెరా తిరగాలి, రేడియో వినికిడి దానికి సాక్ష్యం చెప్పాలి. మూడూ ఒకే మాట చెబితే అప్పుడు డ్రోన్ ఉన్నట్టు. మూడూ ఏమీ లేదంటే రన్‌వే తెరవడానికి ధైర్యం వస్తుంది.

మనిషి కంటినే నమ్ముకుంటే ఏమవుతుందో 2024 చివర్లో అమెరికాలోని న్యూజెర్సీలో చూశాం. రాత్రిళ్లు వింత డ్రోన్లు తిరుగుతున్నాయని ఎఫ్‌బీఐకి 5,000కు పైగా సమాచారాలు వచ్చాయి. వాటిలో తదుపరి విచారణకు పనికొచ్చినవి వంద దాకానే. మిగతా వాటిలో మామూలు విమానాలు, హెలికాప్టర్లు, అనుమతితో ఎగిరే డ్రోన్లు, నక్షత్రాలు కూడా ఉన్నాయి. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. చీకట్లో కదిలే దీపం ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో చెప్పడం ఎవరి కంటికైనా కష్టమే.

[తెర మీద: వల విసిరే డ్రోన్, జామర్, శిక్షణ పొందిన గద్ద]

సరే, డ్రోన్ ఉందని తేలింది. కాల్చేయొచ్చుగా?

2025 సెప్టెంబరు 22 రాత్రి డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ విమానాశ్రయం డ్రోన్ల వల్ల దాదాపు నాలుగు గంటలు మూతపడింది. ఎందుకు కూల్చలేదని అడిగితే పోలీసులు చెప్పిన కారణం: కింద ప్రయాణికులు, విమానాలు, ఇంధనం నిల్వలు ఉన్నాయి. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట పడాలి కదా. కూలిన డ్రోన్ కూడా అంతే.

జామర్ పెట్టి సిగ్నల్ తెంచేయొచ్చు. అప్పుడు చాలా డ్రోన్లు బయల్దేరిన చోటికి తిరిగి వెళ్తాయి, లేదా ఉన్నచోటే దిగుతాయి. కానీ విమానాశ్రయం నడిచేదే రేడియో మీద. జీపీఎస్‌ను కూడా జామ్ చేస్తే దిగబోతున్న విమానానికే ఇబ్బంది. వల విసిరే డ్రోన్లు ఉన్నాయి, దగ్గరికి వెళ్లగలిగితే పట్టుకుంటాయి. నెదర్లాండ్స్ పోలీసులు గద్దలకు శిక్షణ ఇచ్చి చూశారు, కొన్నాళ్లకే ఆ పని మానేశారు. డ్రోన్ భాష తెలుసుకుని, దాని పగ్గాలు లాక్కుని మెల్లగా దించే పరికరాలు విమానాశ్రయాలకు సరిపోతాయి. కాకపోతే కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా వాటికీ కొత్త పాఠం నేర్పాలి.

[తెర మీద: రెండు రన్‌వేల పటం, ఒకదాని మీద ఎర్ర గీత]

2019 జూన్‌లో సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనిపించాయి. ఉన్న రెండు రన్‌వేల్లో ఒకదాన్ని అప్పుడప్పుడు ఆపుతూ, రెండోదాన్ని నడిపించారు. ఆ రాత్రి ఆలస్యమైనవి 37 విమానాలు. గాట్విక్‌తో పోల్చి చూడండి. గాట్విక్ నడిచేది ఒకే రన్‌వే మీద, కాబట్టి ఇది పూర్తిగా సమానమైన పోలిక కాదు. అయినా ప్రమాదం ఎక్కడుందో తెలిస్తే ఎంతవరకు మూయాలో కూడా తెలుస్తుందని ఇది చూపిస్తుంది.

చట్టాలు కూడా కదిలాయి. గాట్విక్ తర్వాత బ్రిటన్ విమానాశ్రయాల చుట్టూ నిషేధిత ప్రాంతాన్ని 1 కిలోమీటరు నుంచి సుమారు 5 కిలోమీటర్లకు పెంచింది. అమెరికాలో రిజిస్టర్ చేయాల్సిన డ్రోన్లు ఎగురుతున్నంతసేపూ తమ గుర్తింపును, స్థానాన్ని ప్రసారం చేయాలన్న నియమాన్ని 2024 మార్చి నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. దురుద్దేశం ఉన్నవాడు దాన్ని ఆపేస్తాడు, నిజమే. కానీ తెలియక వచ్చినవాళ్లను వెంటనే గుర్తుపట్టి పక్కన పెడితే, మిగిలిన ఒక్కడి మీద దృష్టి పెట్టొచ్చు. మరోవైపు, నిషేధిత చోట్ల తమ డ్రోన్లు ఎగరకుండా సాఫ్ట్‌వేర్‌తో ఆపుతూ వచ్చిన డీజేఐ కంపెనీ, 2025 జనవరిలో అమెరికాలో ఆ అడ్డు తీసేసి హెచ్చరికతో సరిపెట్టింది. ఇది వెనకడుగని నేను గట్టిగా అనుకుంటున్నాను. పొరపాటున జరిగే చొరబాట్లను ఖర్చు లేకుండా ఆపే మార్గం అదొక్కటే.

మీ వైపు నుంచి కూడా ఒక పని ఉంది. విమానాశ్రయం దగ్గర డ్రోన్ కనిపిస్తే పోలీసులకు గానీ, విమానాశ్రయ భద్రతా సిబ్బందికి గానీ వెంటనే చెప్పండి. "డ్రోన్ చూశాను" అని ఊరుకోకండి. ఎన్ని గంటలకు చూశారు, మీరు ఎక్కడ నిలబడ్డారు, అది ఏ దిక్కున కనిపించి ఎటు వెళ్లింది, చప్పుడు వినిపించిందా, ఇవన్నీ చెప్పండి. వీడియో తీస్తే ఆకాశం ఒక్కటే తీయకండి; పక్కన భవనమో, స్తంభమో ఫ్రేములో ఉండాలి. దాన్ని బట్టే అది ఎంత ఎత్తులో ఉందో, అసలు డ్రోనో కాదో లెక్క కడతారు.