ఆన్‌లైన్ ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్ కోర్సు రివ్యూ: పల్లీల ఎగుమతి ఉద్యోగానికి అది ఎంతవరకు పనికొస్తుంది?

నమస్కారం. నేను మహబూబ్‌నగర్ నుంచి మాట్లాడుతున్నాను. మైక్రోబయాలజీతో బీఎస్సీ పూర్తి చేసి, ఆ తరువాత మూడు నెలల ఆన్‌లైన్ ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్ కోర్సు చదివి, ఇక్కడికి దగ్గరలోనే పల్లీలను శుభ్రం చేసి విదేశాలకు పంపే ఒక యూనిట్‌లో క్వాలిటీ విభాగంలో చేరాను. ఇదే దారిలో రావాలనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ కోర్సు గురించి అడుగుతున్నారు కాబట్టి, దాని మంచిచెడ్డలు చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను. సంస్థ పేరు మాత్రం చెప్పను.

ముందు మంచి గురించి చెబుతాను. 1960లలో అమెరికా వ్యోమగాముల ఆహారం కోసం రూపుదిద్దుకున్న హెచ్ఏసీసీపీ అనే ఆహార భద్రత పద్ధతినీ, దాని 7 సూత్రాలనూ చాలా బాగా వివరించారు. సరుకు తయారయ్యాక చివరిలో పరీక్షించి ఊరుకోకుండా, ప్రమాదం ఏ దశలో వస్తుందో ముందే గుర్తించి అక్కడే ఆపాలన్న ఆలోచన నాకు ఆ పాఠాలతోనే అర్థమైంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు, ఆహార భద్రత నిర్వహణకు ఉన్న ఐఎస్ఓ 22000 ప్రమాణం (2018లో సవరించినది), మన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కూడా క్రమంగా నేర్పారు. ఇంటర్వ్యూలో నేను తడబడకుండా జవాబులు చెప్పగలిగానంటే అది ఆ కోర్సు వల్లనే.

అయితే నమూనా తీయడం గురించి ఆ కోర్సులో ఉన్నది ఒకే ఒక్క స్లైడు. దాని ఫలితం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నాకు తెలిసింది. గోదాములో నిట్టలుగా పేర్చిన బస్తాలలో చేతికందిన బయటి వరుసలోనే ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి ల్యాబుకు పంపాను. రిపోర్టు బాగానే వచ్చింది. సరుకు బయలుదేరింది. అవతలి రేవులో వాళ్లు తీసిన నమూనాలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరిమితి దాటడంతో కంటైనర్ వెనక్కి వచ్చింది. తప్పు ల్యాబుది కాదు, నమూనా తీసిన నాది.

ఎందుకో వివరంగా చెబుతాను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వల్ల పుట్టే ఈ విషం లాటు, అంటే ఒక విడత సరుకు, అంతటా సమానంగా ఉండదు. వేల గింజలు మంచివి ఉండగా, ఒక్క గింజలో మాత్రం విపరీతంగా ఉండవచ్చు. చేను చివరిదశలో నీళ్లు లేక బెట్టకు గురైనప్పుడు, కాయకు పురుగు తగిలినప్పుడు, తేమ పూర్తిగా ఆరకముందే బస్తాకెక్కించినప్పుడు బూజు పడుతుంది. ఆ గింజను అరచేతిలో పెట్టుకుని చూస్తే పొట్టు రంగు మారి, ముడతలు పడి కనిపించవచ్చు. ఒక్కోసారి ఏ తేడా కూడా కనిపించదు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. నేరుగా తినే పల్లీలలో యూరప్ అనుమతించే మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు మాత్రమే. అందుకే పెద్ద లాటులో 100 చోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, 20 కిలోల నమూనా చేసి, దానిని మెత్తగా గ్రైండు చేసి కలిపిన తరువాతే పరీక్షిస్తారు. నిట్ట మధ్యలో ఉన్న బస్తాను బయటికి లాగించడానికి హమాలీలను ఒప్పించడం కూడా ఈ పనిలో భాగమేనని నాకు ఏ పాఠమూ చెప్పలేదు.

ఇలాంటి చేతిపని ఆ ఆన్‌లైన్ కోర్సుతో రాదు. అందువల్ల ఎంపీసీ చదివిన వారికి నా సలహా బీటెక్ ఫుడ్ టెక్నాలజీయే. మన రాష్ట్రంలో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ఈ కళాశాల ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకు బాగుంటే కుండ్లీ, తంజావూరులలో ఉన్న నిఫ్టెమ్ అనే కేంద్ర ప్రభుత్వ ఫుడ్ టెక్నాలజీ విద్యాసంస్థలకు ప్రయత్నించండి. బైపీసీ నుంచి వచ్చిన వారు నిరాశ పడనవసరం లేదు. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ డిగ్రీలు ఉన్నవారు కూడా ప్రభుత్వ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అర్హులే. ఆపై ఎమ్మెస్సీ చేయాలనుకుంటే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐని దృష్టిలో పెట్టుకోండి.

నేను చదివిన కోర్సుకు సిద్ధాంతం విషయంలో 5కు 4 ఇస్తాను, చేతిపని విషయంలో 1 ఇస్తాను. డిగ్రీ చేతిలో ఉండి, ఇప్పటికే ఏదో ఒక మిల్లులోనో డెయిరీలోనో పని చేస్తున్నవారు తీసుకోవచ్చు. ఇంటర్ తరువాత దీనినే అసలు చదువుగా ఎంచుకోవద్దు. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవారు ఈ వేసవిలో మిర్యాలగూడ రైస్ మిల్లులోనో, వనపర్తి వైపు పల్లీల యూనిట్‌లోనో ఒక్క నెల అడిగి చేరండి. తేమ మీటరు పట్టుకుని రోజూ లారీ దగ్గర నిలబడండి. ఆ తరువాత కోర్సు ఫీజు కట్టాలో వద్దో మీరే చెప్పగలుగుతారు.