తక్కువ స్పీడులో కారు జర్క్ కొడుతోందా? ఈ బ్లూటూత్ స్కానర్‌లో ఆ గ్రాఫ్ చూడండి

నమస్తే అండీ. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి చూస్తున్న మనవాళ్లందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ స్కానర్ తయారుచేసినవాళ్లు ఊరికే పంపించారు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు.

ఈ స్కానర్ కారు కంప్యూటర్‌లోని రీడింగుల్ని బ్లూటూత్‌తో ఫోనులోని యాప్‌కి పంపుతుంది. 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కారైతే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చడమే. ఇక అసలు సంగతికి వద్దాం.

సెకండ్ గేరులో స్పీడ్ బ్రేకర్ దాటి, 20 దగ్గర మెల్లగా యాక్సిలరేటర్ తొక్కుతారు. బండి ఒక్క క్షణం చచ్చినట్టయి, ఆపైన తన్నుకుని పోతుంది. 40 దాటితే ఏ బాధా లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలగదు. అక్కడి నుంచి స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంపు అని ఒక్కోటీ మారుస్తూ పోతారు. చూడకుండా మార్చడం నాకు అస్సలు నచ్చదండీ.

ఆ తడబాటు ఉండేదే అర సెకను. ఈ యాప్ తెరవగానే 12 రీడింగులు ఒకేసారి చూపిస్తుంది, అన్నీ నత్తనడకన మారతాయి. జర్క్ వచ్చి పోయాక కూడా అంకె పాతదే ఉంటుంది. అలా పెట్టి ఇచ్చినందుకు నాకు కోపమే. వెంటనే ఎనిమిది తీసేసి నాలుగే ఉంచండి: ఇంజిన్ ఆర్పీఎం, థ్రాటిల్ పొజిషన్ అంటే గాలి తలుపు ఎంత తెరుచుకుందో, మ్యాప్ అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోని ప్రెషర్, షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటే కారు కంప్యూటర్ అప్పటికప్పుడు పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో. అప్పుడు గ్రాఫ్ పరుగెడుతుంది. పైగా రికార్డ్ చేసి వెనక్కి జరిపి చూడొచ్చు. కొన్ని చౌక స్కానర్లు కోడ్, అంటే కారు కంప్యూటర్ పట్టుకున్న తప్పు నంబరు, చదివి ఊరుకుంటాయి. కోడే పడని జబ్బుకి అవేం చేస్తాయి?

బండి ఒకరు నడపాలి, ఫోను పక్కవాళ్ల చేతిలో ఉండాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక మొదలుపెట్టండి.

స్టార్ట్ చెయ్యకముందే, తాళం ఆన్‌లో పెట్టి మ్యాప్ చూడండి. అప్పుడది బయటి గాలి ఒత్తిడే చూపాలి. బరంపురంలో 101 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. సాలూరు నుంచి సుంకి ఘాటెక్కి కోరాపుట్ చేరితే 91 దగ్గరికి దిగుతుంది, ఎత్తు దాదాపు 870 మీటర్లు కదా. అది చూసి సెన్సార్ పోయిందని మార్చేయకండి.

స్టార్ట్ చేశాక ఏసీ ఆపి, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి నిలబెట్టి చూస్తే చాలా పెట్రోల్ కార్లలో మ్యాప్ 30 నుంచి 40 మధ్య ఉంటుంది. 45 దాటితే గాలి లీకుని అనుమానించండి. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలిదారిలోకి పంపేది), ఇన్‌టేక్ గ్యాస్కెట్ చూడాలి. మ్యాప్ సెన్సార్ ఉన్న బండిలో లీకైన గాలిని కూడా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, లెక్కేసుకుంటుంది. అందుకే ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు. లోపలికొచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న బండిలో మాత్రం ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ 15, 20 శాతం చూపి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి వచ్చేస్తుంది. లాంగ్ టర్మ్ ట్రిమ్‌ని, అంటే కంప్యూటర్ కొన్నాళ్లుగా నేర్చుకున్న సవరణని, కూడా కలిపే చూడండి. రెండూ కలిపి ప్లస్ మైనస్ 10 లోపుంటే భయం లేదు.

లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పైకే పోతుంటే ఫ్యూయల్ ప్రెషర్ చూడాలి. జర్క్ కొట్టిన చోట థ్రాటిల్ గీత మెట్టుగా విరిగితే పొజిషన్ సెన్సార్ అరిగింది. గీత సాఫీగా ఉండి, లీకూ లేకపోతే ముందు థ్రాటిల్ బాడీ విప్పి చూడండి, బటర్‌ఫ్లై (లోపల తిరిగే గుండ్రటి రేకు) అంచున మసి పేరుకుని ఉంటుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకుని వేలితో నెట్టకండి, లోపలి గేర్లు పాడవుతాయి. తుడిచాక ఐడిల్ రీలెర్న్ చెయ్యాలి, అంటే ఐడిల్‌కి ఎంత గాలి కావాలో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పాలి. అప్పటికీ జర్క్ ఉంటేనే ప్లగ్గుల జోలికి పోవాలి. ప్లగ్గు కొసల మధ్య గ్యాప్ మీ కారు మాన్యువల్‌లో రాసినంతే ఉండాలి.

ఆ యాప్ మొదటి పేజీ మీద కోపం ఉన్నా, ఒక్క ఈ రికార్డింగ్ కోసమే నేను దీన్ని కొనమంటాను.

పని అయ్యాక మాత్రం స్కానర్ పీకెయ్యండి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసినా కరెంటు ఉంటుంది. వారాల తరబడి బండి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది.