ఇద్దరు ఆడవాళ్లు ఒక గది అద్దెకు తీసుకుంటే అది నేరమా?

నమస్తే అండి. "వ్యభిచార గృహంపై దాడి. నిర్వాహకురాలితో పాటు ఇద్దరు యువతులు, ముగ్గురు విటులు అరెస్టు." జిల్లా పేజీల్లో ఈ వార్త మనకు అలవాటైపోయింది. పక్కనే ఫొటో, చున్నీతో ముఖం కప్పుకుని తలవంచుకుని నిలబడ్డ ఆడవాళ్లు. మర్నాడు వాళ్లు ఏమయ్యారో ఏ పేపరూ రాయదు. ఈ రోజు దాని గురించే మాట్లాడదాం.

టీవీ చర్చల్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న. చట్టబద్ధం చేయాలా, నిషేధించాలా? కానీ మేజరైన స్త్రీ తన ఇష్టంతో, ఒంటరిగా, డబ్బు తీసుకుని ఈ పని చేస్తే మన దేశంలో అది నేరం కాదండి. 1956లో వచ్చిన చట్టం, మనం పీటా యాక్ట్ అని పిలిచేది, ఆ పనిని వదిలేసి దాని చుట్టూ ఉన్నవన్నీ నేరాలు చేసింది.

రెండో సెక్షన్ చూడండి. ఇద్దరు స్త్రీలు తమ ఉమ్మడి లాభం కోసం ఒక గదిని వాడుకున్నా అది వ్యభిచార గృహం కిందకే రావచ్చు. తాగొచ్చి కొట్టేవాడు తలుపు తడితే పక్కన ఇంకో మనిషి ఉండాలనుకోవడం సహజం కదా? ఆ జాగ్రత్తే ఆమెను ముద్దాయిని చేస్తుంది. నాలుగో సెక్షన్ ఇంకా దారుణం. ఆమె సంపాదన మీద తెలిసి బతికే, 18 ఏళ్లు దాటిన ఎవరికైనా రెండేళ్ల దాకా జైలు. ఆమె ఫీజు కడితే డిగ్రీ చదువుతున్న కొడుకు కూడా ఆ మాటల్లోకి వచ్చేస్తాడు. ఎనిమిదో సెక్షన్‌లో రోడ్డు మీద పిలిచిన స్త్రీకి మొదటిసారే ఆరు నెలల దాకా శిక్ష వేయొచ్చు. అదే నేరం మగవాడు చేస్తే గరిష్ఠం మూడు నెలలు!

పైగా 'రక్షణ' అనే మాట ఒకటుంది. పట్టుకొచ్చిన మహిళను మేజిస్ట్రేట్ ఏడాది నుంచి మూడేళ్ల వరకు హోమ్‌లో ఉంచమనొచ్చు. 2020 సెప్టెంబరులో బాంబే హైకోర్టు అలా హోమ్‌కు పంపిన ముగ్గురు యువతులను విడుదల చేయమంది. మేజర్లను వాళ్ల ఇష్టానికి వ్యతిరేకంగా ఎలా ఉంచుతారని అడిగింది. 2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఇంకొన్ని ఆదేశాలిచ్చింది. పోలీసులు వీళ్లను గౌరవంగా చూడాలి, కండోమ్‌లను సాక్ష్యంగా చూపకూడదు, మీడియా వీళ్ల వివరాలు బయటపెట్టకూడదు. అయితే ఆ కేసులో కోర్టు వేసిన కమిటీ చేసిన కొన్ని సిఫార్సులపై కేంద్రం అభ్యంతరం చెప్పింది. పార్లమెంటు కొత్త చట్టం ఇంకా చేయలేదు.

నిషేధించాలనే అవతలి వాదనను నేను తేలిగ్గా తీసుకోను. రాయలసీమ కరవు పల్లెల నుంచి ఢిల్లీ జీబీ రోడ్డుకు, పుణె బుధవార్ పేటకు పనిపేరు చెప్పి అమ్మేసిన ఆడపిల్లల కథలు మనింటి కథలే. 1996లో హైదరాబాద్‌లోని వేశ్యావాటిక మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు ఆ మహిళలు రోడ్డున పడ్డారు. వాళ్ల పిల్లల కోసం బడి పెట్టడంతోనే సునీతా కృష్ణన్ 'ప్రజ్వల' సంస్థ మొదలైంది. ఆకలి ఒప్పించిన చోట 'ఇష్టం' అనే మాటకు అర్థమేముందని ఈ వైపు వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. స్వీడన్ 1999 నుంచి అమ్మే స్త్రీని వదిలేసి కొనేవాడిని శిక్షిస్తోంది కూడా అందుకే.

కానీ నాకు న్యూజిలాండ్ దారే సబబనిపిస్తుంది. అక్కడ 2003 చట్టం ప్రకారం, ఎవరి పెత్తనమూ లేకుండా నలుగురి వరకు కలిసి ఒక చోట పని చేసుకోవచ్చు, లైసెన్సు కూడా అక్కర్లేదు. కొనేవాడిని జైల్లో పెడితే బేరం చీకటి సందుల్లోకి పోతుంది, అక్కడ దెబ్బలు తినేది ఆమే. మోసం చేసి అమ్మినవాడికి, మైనర్ల జోలికి వెళ్లినవాడికి ఎంత కఠిన శిక్షైనా వేయండి, నేనూ మీతో ఉంటా. పక్క గదిలో స్నేహితురాలిని, కాలేజీకెళ్లే కొడుకుని మాత్రం ఆ జాబితాలోంచి తీసేయండి. రెండో సెక్షన్‌లో ఆ 'ఉమ్మడి లాభం' అన్న మాట కొట్టేయడానికి, నాలుగో సెక్షన్‌లో కన్నపిల్లలకు, తల్లిదండ్రులకు మినహాయింపు ఇవ్వడానికి ఒక చిన్న సవరణ చాలు.

ఈ వీడియో చూస్తున్నవాళ్లలో ఎవరైనా ఇలాంటి కేసులో ఇరుక్కుని ఉంటే, సిగ్గుపడి ఏ బ్రోకర్‌కో డబ్బులు పోయొద్దు. మహిళలకు ఉచితంగా లాయర్‌ను ఇప్పించే న్యాయసేవా సంస్థ నంబరు 15100. ఫోన్ చేయండి.