ఒంటిగంటన్నరకి బొమ్మలెన్ని?

(పాత స్మార్ట్‌వాచీలకు యాప్‌లు రాయడం మీద స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పెబుల్ వాచీకి యాప్‌లు రాసే ఒక ప్రోగ్రామర్, ఇంజినీరింగ్ కాలేజీలో ఎంబెడెడ్ సిస్టమ్స్, అంటే పరికరాల్లో ఇమిడే చిన్న కంప్యూటర్ల గురించి చెప్పే అధ్యాపకురాలు, నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న మెకానిక్.)

సమన్వయకర్త: నమస్కారం. ఇవాళ మన బల్ల మీద ఒక పాత వాచీ ఉంది. నల్ల ప్లాస్టిక్, నాలుగు బటన్లు, రంగుల్లేని తెర. తెర మీద మాత్రం తెలుగులో ‘పదింబావు’ అని ఉంది. ఇది ఎక్కడిది బాబూ?

ప్రోగ్రామర్: సెకండ్ హ్యాండ్‌లో కొన్నానండీ. దీని పేరు పెబుల్. ఇప్పుడు మన షాపుల్లో అదే పేరుతో అమ్మే వాచీలు వేరే కంపెనీవి, దీనికీ వాటికీ సంబంధం లేదు. దీన్ని తయారుచేసింది కెనడాకు చెందిన ఎరిక్ మిజికోవ్‌స్కీ. అంతకుముందు ఆయన బ్లాక్‌బెర్రీ ఫోన్లకు ఇన్‌పల్స్ అనే వాచీ చేశాడు. తర్వాతి వాచీకి పెట్టుబడి పెట్టేవాళ్లు దొరక్క, 2012 ఏప్రిల్‌లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో జనాన్నే అడిగాడు. అడిగింది లక్ష డాలర్లు. దాదాపు 69 వేల మంది కలిసి కోటి డాలర్లకు పైగా ఇచ్చారు. 2013 జనవరి నుంచి వాచీలు చేతికి రావడం మొదలైంది.

సమన్వయకర్త: మేడమ్, స్మార్ట్‌వాచీ అంటే అప్పుడే మొదలా?

అధ్యాపకురాలు: కాదండీ, అప్పటికే చాలా ప్రయత్నాలు జరిగాయి. నాకు బాగా ఇష్టమైనది 1994లో వచ్చిన టైమెక్స్ డేటాలింక్. మైక్రోసాఫ్ట్‌తో కలిసి చేశారు. అందులోకి సమాచారం ఎలా ఎక్కించేవాళ్లో చెబితే మా పిల్లలు ఇప్పటికీ నమ్మరు. కంప్యూటర్‌కీ వాచీకీ మధ్య తీగ లేదు, రేడియో లేదు. వాచీని మానిటర్‌కి ఎదురుగా పట్టుకోవాలి. తెర మీద తెల్లటి గీతలు టకటకా మెరుస్తాయి. వాచీ ముఖం మీద ఒక చిన్న కన్ను ఉంటుంది, అది ఆ మెరుపుల్ని చదువుకుని ఫోన్ నంబర్లు, అపాయింట్‌మెంట్లు దాచుకుంటుంది.

మెకానిక్: మానిటర్ అంటే ఆ పాత లావు పెట్టెలాంటిదేనా అమ్మా?

అధ్యాపకురాలు: అదేనండీ. అది లావు మానిటర్ కావడమే ముఖ్యం. అందులో ఎలక్ట్రాన్ కిరణం ఒక్కో గీతే గీసుకుంటూ కిందికి దిగుతుంది కాబట్టి గీత ఉంటే వెలుగు, లేకపోతే చీకటి, వరసగా వాచీకి అందుతాయి. ల్యాప్‌టాప్ తెర అలా గీయదు, అందుకని ల్యాప్‌టాప్‌లకు వేరే అడాప్టర్ ఇచ్చారు. ఆ తర్వాతి మోడల్‌లోకి చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా ఎక్కేవి. వాటి పద్ధతిని అభిమానులు సొంతంగా విప్పి తెలుసుకుని, అసెంబ్లీ భాషలో, అంటే చిప్‌కి నేరుగా చెప్పే ఆదేశాలతో, యాప్‌లు రాశారు. వాచీలకు యాప్‌లు రాయాలన్న సరదా అంత పాతది.

సమన్వయకర్త: బాబాయిగారూ, మీరు ఇలాంటి వాచీలు చూశారా?

మెకానిక్: నా చేతిలో ఎక్కువగా పడ్డవి హెచ్‌ఎంటీలండీ. జనతా వాచీ వెనక మూత తీస్తే మొత్తం కనబడేది. స్ప్రింగు ఎక్కడ, ఏ పన్ను ఏ పన్నుని తిప్పుతోంది, బ్యాలెన్స్ వీల్ ఎక్కడ ఆడుతోంది, అన్నీ కంటితో చూసి చెప్పేవాణ్ణి. ఇప్పటి వాచీల మూత తీస్తే నాకేమీ అర్థం కాదు. ఈ అబ్బాయి దీన్ని పట్టుకుని మా షాపుకొచ్చి గంటసేపు కూర్చున్నాడు. ఏం చెప్పాడో అడగండి.

ప్రోగ్రామర్: బాబాయిగారు జనతా వాచీ గురించి చెప్పిందే నేను ఈ వాచీ గురించి చెప్పానండీ. దీని లోపలంతా నాకు తెలుసు. తెర అడ్డంగా 144 చుక్కలు, నిలువుగా 168. ఒక్కో చుక్క నలుపు, లేదంటే తెలుపు. తెర నిండా బొమ్మ గీస్తే 3,360 బైట్లు. మన యాప్‌కి, అంటే మనం రాసిన ప్రోగ్రాము, అది వాడుకునే జాగా అన్నీ కలిపి, దొరికేది 24 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఫోన్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. కానీ అంత చిన్నది కాబట్టే కాగితం మీద లెక్క వేసుకుంటే ఏ బైటు ఎక్కడుందో నేను చెప్పగలను. నా ఫోన్ గురించి అలా చెప్పలేను. నాకు ఈ వాచీ అంటే అంత ప్రేమ అందుకే.

సమన్వయకర్త: మరి తెలుగు ఎలా వచ్చింది?

ప్రోగ్రామర్: అక్కడే నాకు రెండు నెలలు పట్టింది. మొదట తెలుగు ఫాంట్ ఎక్కించి ‘ఐదున్నర’ అని రాశాను. తెర మీద నకారం, పక్కన విడిగా పొల్లు, దాని పక్కన మళ్లీ నకారం వరసగా నిలబడ్డాయి. వత్తు కిందికి దిగలేదు.

అధ్యాపకురాలు: ఇది కాస్త వివరించాలి. ఇంగ్లిష్‌లో అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతే మాట అయిపోతుంది. తెలుగుకి అది చాలదు. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలి, ఏ గుణింతం తలకట్టు తీసేసి వస్తుంది అని చూసుకునే ప్రోగ్రాము ఒకటి వేరుగా ఉండాలి. ఫోన్లలో, కంప్యూటర్లలో అది ఉంటుంది. ఇంత చిన్న వాచీలో లేదు. ఇక్కడ మాత్రం ఈయనతో నేను ఏకీభవించను. చిన్నదిగా ఉండటంలో అందం ఉంది, నిజమే. కానీ ఆ చిన్నతనం కోసం ఏం వదిలేశారో చూస్తే, వదిలేసినవాటిలో మన భాష ఉంది. ఇంగ్లిష్ మెసేజ్ చదువుకునేవాళ్లకు ఇది పూర్తి వాచీ, అమ్మ తెలుగులో పంపిన మెసేజ్ చదువుకోవాల్సిన వాళ్లకు కాదు.

ప్రోగ్రామర్: ఒప్పుకుంటాను మేడమ్. మెసేజ్‌ల సంగతి నేను తేల్చలేకపోయాను. టైమ్ వరకైనా తెలుగులో చూడాలని పట్టుదల వచ్చింది. అక్షరాలు కుదరకపోతే మాటలనే బొమ్మలుగా గీసి పెడదామనుకున్నాను. గంటకి నాలుగు పావులు, పన్నెండు గంటలు, 48 బొమ్మలు అవసరమని లెక్క వేశాను. ఓ రాత్రి అవన్నీ పైకి చదువుతుంటే అర్థమైంది. ‘ఐదు’ పక్కన ‘న్నర’ పెడితే ‘ఐదున్నర’. ‘ఎనిమిది’ పక్కన అదే ‘న్నర’ పెడితే ‘ఎనిమిదిన్నర’. ఏ అంకె మారిపోవడం లేదు. ‘ంబావు’ కూడా అంతే, సున్నాతో మొదలుపెట్టి గీస్తే దేనికైనా అతుక్కుంటుంది. ‘పావు తక్కువ’ ఎటూ విడి మాటే. పన్నెండు అంకెలు, ఈ మూడు ముక్కలు, మొత్తం 15 బొమ్మలు. ఆ రాత్రి సంతోషం పట్టలేక మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

మెకానిక్: ఒంటిగంట సంగతేంటి?

ప్రోగ్రామర్: అదొక్కటే ఎదురుతిరిగింది బాబాయిగారూ. ‘రెండు’, ‘మూడు’ అంటాం గానీ ‘ఒకటి అయింది’ అనం, ‘ఒంటిగంట అయింది’ అంటాం. పావు తక్కువకి కూడా ‘పావు తక్కువ ఒంటిగంట’. అరకి వచ్చేసరికి మా ఇంట్లో ‘ఒకటిన్నర’. అందుకని ఒంటిగంటకి విడిగా పదహారో బొమ్మ గీశాను.

సమన్వయకర్త: ఇక అంతా సజావుగా నడిచిందా?

ప్రోగ్రామర్: లేదండీ. టేబుల్ మీద రెండు నిమిషాలు చూసి బాగుందనుకుని చేతికి పెట్టుకుని బయల్దేరేవాణ్ణి. బస్టాండ్ చేరి చూస్తే తెర ఖాళీ. ప్రతిరోజూ అంతే. వారం రోజులు వాచీనే అనుమానించాను. తప్పు నాదే. నిమిషం మారగానే నా ప్రోగ్రాము రెండు బొమ్మలు కొత్తగా తెచ్చి జ్ఞాపకంలో పెట్టుకుంటోంది, పాతవి వదలడం లేదు. ఒక్కో బొమ్మా వెయ్యి బైట్ల పైమాటే. ఉన్న జాగా పది నిమిషాలు తిరక్కుండా నిండిపోయి, కొత్త బొమ్మకి చోటు లేక తెర తెల్లబోయేది. పాత బొమ్మని వదిలేయమని రెండు లైన్లు రాశాక ఇంతవరకు ఆగలేదు.

అధ్యాపకురాలు: ఈ పాఠం నేను క్లాసులో గంట చెప్పినా ఎక్కదండీ. పెద్ద కంప్యూటర్‌లో ఇదే తప్పు చేస్తే నెలల తరబడి బయటపడదు, జాగా అంత ఉంటుంది కాబట్టి. ఇందులో పది నిమిషాల్లో దొరికిపోయింది.

సమన్వయకర్త: చార్జింగ్ ఎంతసేపు వస్తుంది?

ప్రోగ్రామర్: కొత్తలో వారం దాకా వస్తుందని కంపెనీ చెప్పేది. బ్యాటరీ చూస్తే చాలా చిన్నది, 130 మిల్లీ ఆంపియర్ అవర్లు మాత్రమే. గుట్టంతా తెరలో ఉంది. ఒకసారి గీసిన బొమ్మని నిలబెట్టుకోవడానికి అది దాదాపు కరెంటు తినదు, మార్చినప్పుడే తింటుంది. ఎండలో ఇంకా బాగా కనబడుతుంది. నేను మొదట్లో సోకుకి సెకన్ల ముల్లు పెట్టాను. సెకనుకోసారి తెర గీయాల్సి వచ్చి బ్యాటరీ చకచకా దిగిపోయింది. ముల్లు తీసేసి, నిమిషానికోసారి లేస్తే చాలన్నాను. ఇప్పుడు మాట మారాల్సినప్పుడే గీస్తుంది.

సమన్వయకర్త: కంపెనీ ఇప్పుడు లేదు కదా? మరి ఇదింకా ఎలా పనిచేస్తోంది?

ప్రోగ్రామర్: 2016 డిసెంబర్‌లో మూతపడింది. సాఫ్ట్‌వేర్ ఆస్తుల్ని ఫిట్‌నెస్ బ్యాండ్లు చేసే ఫిట్‌బిట్ కంపెనీ కొంది. 2018 జూన్ 30న సర్వర్లు ఆపేశారు. ఆపేలోపే వాడుకరులు రెబుల్ అనే పేరుతో చేరి, యాప్‌లన్నీ దాచిపెట్టి, సొంతంగా సర్వర్లు నిలబెట్టారు. జీతం ఇచ్చేవాళ్లు లేరు, ఇష్టంతో చేశారు. తర్వాత ఫిట్‌బిట్‌ని గూగుల్ కొంది. 2025 జనవరిలో గూగుల్ ఈ వాచీ సాఫ్ట్‌వేర్ సోర్స్‌ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాముని, అందరికీ ఇచ్చేసింది. అదే ఏడాది ఎరిక్ మళ్లీ కొత్త వాచీలు మొదలుపెట్టాడు, అవి పాత యాప్‌లను కూడా నడుపుతాయి.

అధ్యాపకురాలు: సోర్స్ బయటికొచ్చింది కాబట్టి, నేను ఇందాక అన్న లోటు ఇక కంపెనీ మీద ఆధారపడి లేదు. వత్తులు, గుణింతాలు సర్దే ముక్క ఎవరైనా రాసి చేర్చవచ్చు. వచ్చే సెమిస్టర్‌లో మా పిల్లల్లో ఇద్దరికి ప్రాజెక్టుగా ఇస్తాను. ఈయన సాయం చేస్తానంటే.

ప్రోగ్రామర్: తప్పకుండా మేడమ్. ఎప్పుడంటే అప్పుడు వస్తాను.

మెకానిక్: నాదొక మాట. మా అమ్మకి గడియారం చదవడం వచ్చు గానీ నిమిషాలు ఎప్పుడూ చెప్పేది కాదు. ‘ఐదు కావస్తోంది, పాలవాడొస్తాడు’ అనేది. లేదంటే ‘ఐదు దాటింది’. పావులకి మధ్యలో నీ వాచీ ఏం చెబుతుంది?

ప్రోగ్రామర్: అప్పటిదాకా దగ్గరున్న పావే చూపించేది బాబాయిగారూ. మీరు షాపులో ఈ మాట అన్న రోజే ఇంటికెళ్లి ‘కావస్తోంది’, ‘దాటింది’ అని రెండు బొమ్మలు గీశాను. మొత్తం 18 అయ్యాయి. ఇదిగో, ఇప్పుడు చూడండి.

మెకానిక్: (కళ్లద్దాలు పైకి జరిపి) ‘పదిన్నర కావస్తోంది’. బాగుంది. ఇంకోటి. మీ ఇంట్లో ఒకటిన్నర అంటారేమో గానీ మా వైపు ‘ఒంటిగంటన్నర’ అంటాం. అది కూడా పెట్టు.

ప్రోగ్రామర్: పెడతాను. దానికి కొత్త బొమ్మ కూడా అక్కర్లేదు, ‘ఒంటిగంట’ ఉంది, ‘న్నర’ ఉంది. వెడల్పే చూసుకోవాలి. 144 చుక్కల్లో ఆ రెండూ పక్కపక్కన పట్టవేమో. అక్షరం కాస్త చిన్నది చేస్తే మీకు ఆనుతుందా?

మెకానిక్: ఆనదు బాబూ. రెండు వరసలుగా పెట్టు.