8 జీబీ నుంచి 32 జీబీకి: ఇక ఏ మెషీన్నీ మూయక్కర్లేదు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను. ఈ వీడియోలో కనిపించే రెండు 16 జీబీ ర్యామ్ స్టిక్‌లు కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపినవి. పేరు, మోడల్ నంబరు స్క్రీన్ మీద ఉన్నాయి. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్ళకు ముందుగా చూపించలేదు. టైమింగులు, వోల్టేజీలు మీరు ఈపాటికే చదివి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను ఈ ర్యామ్ వేసుకున్నది ఒకే పని కోసం. ఒకే లాప్‌టాప్‌లో, అసలు సిస్టమ్ కాక ఇంకో మూడు ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒకేసారి నడవాలి. మూడు వారాలుగా అదే చేస్తున్నాను.

నా లాప్‌టాప్‌లో అసలు సిస్టమ్ ఉబుంటు, అంటే ఒక రకం లైనక్స్. దాని మీద వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 11, ఫెడోరా, ఒక చిన్న డెబియన్ సర్వర్ ఉంటాయి. వర్చువల్‌బాక్స్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్. అలా లోపల నడిచే ఒక్కోదాన్నే వర్చువల్ మెషీన్, లేదా ఊరికే మెషీన్ అంటాను. మొన్నటిదాకా ఉన్నది 8 జీబీ. విండోస్ 11కి కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెబుతారు. ఆ 4 ఇచ్చేస్తే నాకు మిగిలేది సగం. అందులోనే ఉబుంటు, బ్రౌజరు, ఎడిటరు అన్నీ సర్దుకోవాలి.

వర్చువల్‌బాక్స్ వాడేవాళ్ళకు ఆ మెమరీ స్లైడర్ బాగా తెలుసు. కింద ఆకుపచ్చ గీత ఉంటుంది, కొంత దూరం పోయాక ఎరుపులోకి మారుతుంది. నేను ఆ స్లైడర్‌ను ఆకుపచ్చ చివరి అంచు దాకా తెచ్చి, ఇంకో 256 ఎంబీ పెంచొచ్చా వద్దా అని ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. విండోస్‌కి ఇస్తే బ్రౌజరు నత్తనడక, బ్రౌజరుకి వదిలితే విండోస్ నత్తనడక. ఫెడోరా కావాలంటే విండోస్ షట్‌డౌన్ చేయాలి. అది అప్పుడే అప్‌డేట్లు మొదలుపెడుతుంది. అది ముగిసేసరికి ఫెడోరాలో ఏం చూద్దామనుకున్నానో మర్చిపోయేవాణ్ణి.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ అప్‌గ్రేడ్ విలువంతా అక్కడే ఉంది. ప్రాసెసర్‌ను అన్ని సిస్టమ్‌లూ వంతులవారీగా వాడుకోగలవు. ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకటి పని చేసుకుంటుంది. నాలుగు కోర్లున్న మెషీన్ మీద మూడు సిస్టమ్‌లకూ రెండేసి కోర్లు ఇచ్చినా నడిచిపోతుంది. ర్యామ్‌కి ఆ వెసులుబాటు లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఒక మెషీన్‌కి 4 జీబీ ఇచ్చామంటే, అది నడుస్తున్నంతసేపూ ఆ 4 జీబీ మన అసలు సిస్టమ్‌కి లేనట్టే. లోపల విండోస్ ఊరికే కూర్చున్నా సరే. వర్చువల్‌బాక్స్ లాంటి పనే చేసే కేవీఎం (లైనక్స్‌ది), హైపర్-వీ (విండోస్‌ది) లాంటి వాటిలో వాడని మెమరీని వెనక్కి తీసుకునే ఏర్పాట్లు ఉన్నాయి, కానీ అసలుకే తక్కువైనప్పుడు అవి ఏ మూలకు?

మెమరీ చాలకపోతే సిస్టమ్ కొంత సరుకును స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీదకి తోసేస్తుంది. ర్యామ్ నుంచి డేటా రావడానికి సుమారు 100 నానోసెకన్లు. మంచి ఎస్ఎస్‌డీ అయినా అదే పనికి పదుల మైక్రోసెకన్లు తీసుకుంటుంది. అంటే కొన్ని వందల రెట్లు ఆలస్యం. బ్రౌజర్ ట్యాబ్ నొక్కితే తెల్లగా ఉండిపోయి, కాసేపటికి పేజీ వస్తుందే, అది ఇదే. లైనక్స్ వాడేవాళ్ళు టెర్మినల్‌లో వీఎమ్‌స్టాట్ 1 అన్న కమాండ్ నడిపి ఎస్ఐ, ఎస్ఓ అన్న రెండు గడులు చూడండి. స్వాప్ నుంచి ఎంత వస్తోంది, స్వాప్‌లోకి ఎంత పోతోంది అని అవి చూపిస్తాయి. అవి సున్నా దగ్గర నిలబడకుండా ఎప్పుడూ ఎగురుతూ ఉంటే మీకు కావాల్సింది ర్యామే. నా మెషీన్‌లో విండోస్ తెరిచిన ప్రతిసారీ అవి వేలల్లో పరుగెత్తేవి.

ఇక స్టిక్‌లు పెట్టడం. వెనక మూత తీసి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఇది మాత్రం మర్చిపోకండి. స్టిక్‌కి రెండు పక్కలా ఉన్న చిన్న క్లిప్పులను బయటికి జరిపితే పాతది దానంతటదే పైకి లేస్తుంది. కొత్తదాన్ని ఏటవాలుగా లోపలికి నెట్టాలి. బంగారు రంగు పళ్ళు దాదాపు పూర్తిగా లోపలికి పోవాలి. అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కలా టక్కుమని శబ్దం వస్తుంది. ఒక పక్కే వస్తే తీసి మళ్ళీ పెట్టండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొంతసేపు నల్లగానే ఉంటుంది. కొత్త మెమరీని మదర్‌బోర్డ్ పరీక్షించుకుని సర్దుబాటు చేసుకునే సమయం అది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి.

ఆన్ అయ్యాక నేను వెంటనే విండోస్ తెరవలేదు. ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86+ అన్న ప్రోగ్రామ్ పెట్టి రాత్రంతా వదిలేశాను. దీనికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం పాత కంప్యూటర్ కోసం ఒక ర్యామ్ కిట్ కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఒక్క చెడ్డ స్టిక్‌తో ఎవరి పేరూ పాడుచేయడం న్యాయం కాదు. వేసిన వారానికి ఒక వర్చువల్ మెషీన్ బూట్ అవడం మానేసింది. ఇంకోదాంట్లో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే చెక్‌సమ్ (ఫైలు పాడవలేదని సరిచూసే అంకె) తప్పు అంటుంది, మళ్ళీ చేస్తే సరేనంటుంది. నేను వర్చువల్‌బాక్స్‌ను అనుమానించాను, డిస్క్‌ను అనుమానించాను, రెండూ మార్చాను. చివరికి మెమ్‌టెస్ట్ నడిపితే కొన్ని నిమిషాల్లోనే తెర మీద ఎర్రటి గీతలు వరసకట్టాయి. అప్పటికే రెండు మెషీన్ల డిస్క్ ఫైళ్ళు పాడైపోయాయి. అందులో ఒకదానికి బ్యాకప్ లేదు. నెలల తరబడి ఒక్కో సెట్టింగూ కూర్చుకున్న సర్వర్ అది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మామూలు వాడకంలో ర్యామ్‌లో ఆ చెడ్డ చోటు దాకా పోవడానికి ఎన్నాళ్ళో పట్టొచ్చు. వర్చువల్ మెషీన్లు ర్యామ్‌ను నిండా నింపుతాయి కాబట్టి దెబ్బ తొందరగా తగులుతుంది. ఈ కిట్ రాత్రంతా నడిచినా ఒక్క తప్పు కూడా చూపించలేదు.

పొద్దున విండోస్ మెషీన్ సెట్టింగ్స్ తెరిచాను. స్లైడర్ చూడండి, ఆకుపచ్చ గీత ఎంత దూరం పోయిందో. విండోస్‌కి 8, ఫెడోరాకి 6, డెబియన్‌కి 2. మొత్తం 16. మూడూ ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేశాను. ఉబుంటు దగ్గర ఇంకా 15 మిగిలాయి. బయోస్, గ్రాఫిక్స్ కొంత పట్టుకుంటాయి కాబట్టి 32కి బదులు 31 చూపిస్తుంది, అది లోపం కాదు. ఇప్పుడు ఫెడోరాలో కోడ్ రాస్తాను, అది డెబియన్ సర్వర్‌కి పోతుంది, విండోస్ బ్రౌజర్‌లో తెరిచి చూస్తాను. దేన్నీ మూయను. మూడు వారాల్లో ఆ ఎస్ఐ, ఎస్ఓ గడులు సున్నా దాటడం నేను చూడలేదు. నాకు ఇంత సంతోషం ఇచ్చిన అప్‌గ్రేడ్ హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారినప్పటి తర్వాత ఇదే.

నచ్చని విషయం ఒకటుంది. డబ్బా మీద వేగం 3200 అని పెద్ద అక్షరాలు, 32 జీబీ అని మూల చిన్న అక్షరాలు. నా ప్రాసెసర్ 2666 దాటి నడపదు, కాబట్టి ఈ స్టిక్‌లు కూడా 2666 దగ్గరే నడుస్తున్నాయి. దానివల్ల వర్చువల్ మెషీన్లలో నాకు ఏ తేడా కనిపించలేదు. మీరు డబ్బు పెట్టి కొంటుంటే ఆ పెద్ద అంకెకు కాదు, జీబీలకే పెట్టండి. ఇంకో మాట. రెండు స్లాట్లూ నిండిపోయాయి కాబట్టి రేపు 64 కావాలంటే ఈ రెండూ తీసేయాల్సిందే. నాకు వాళ్ళు ఒకే 32 జీబీ స్టిక్ పంపి ఉంటే బాగుండేది. రెండు స్టిక్‌లుంటే డ్యూయల్ చానల్ వస్తుంది, అంటే రెంటి నుంచీ ఒకేసారి డేటా వస్తుంది, గ్రాఫిక్స్‌కి అది మంచిదే, ఒప్పుకుంటాను. అయినా నా పనికి ఖాళీ స్లాటే ఎక్కువ విలువైనది. కొన్ని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొనేముందు మూత తీసో, మాన్యువల్ చదివో చూసుకోండి.

విండోస్ మీద వర్చువల్‌బాక్స్ నడిపేవాళ్ళకు ఒక సూచన. ర్యామ్ పెంచినా గెస్ట్, అంటే లోపల నడిచే సిస్టమ్, మందకొడిగానే ఉంటే విండో కింది మూల చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంటే హైపర్-వీ ఆన్‌లో ఉందని అర్థం. సమస్య ర్యామ్‌ది కాదు.

మరి 8 జీబీతో ఉన్నవాళ్ళు 32కి పోవాలా? రోజూ రెండు సిస్టమ్‌లు తెరిచేవాళ్ళయితే పోండి, 16 దగ్గర ఆగకండి. ఇదే కిట్ కొనాలని నేననను, మీ మెషీన్‌కి సరిపోయే ఏ మంచి స్టిక్ అయినా చాలు. నేను మాత్రం ఇవి తీయను. ఇప్పుడు నాలుగో మెషీన్‌గా ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాల్ అవుతోంది, 4 జీబీ ఇచ్చాను. మిగతా మూడూ వెనకాల నడుస్తూనే ఉన్నాయి.