సజ్జ దిగిన పంపు స్టవ్

శ్రోతలకు నమస్కారం.

మా పాలమూరు జిల్లాలోని కురుమూర్తి స్వామి జాతరకు బయలుదేరేటప్పుడు మా నాయిన బియ్యం మూటకంటే ముందు సర్దేది ఇత్తడి పంపు స్టవ్. కొండ కింద అందరూ మూడు రాళ్లు పెట్టి, పచ్చి కట్టెల పొగకు కళ్లు నలుపుకుంటుంటే మా దగ్గర అది బుస్సుమని నీలిమంటతో మండేది. పసిపిల్లల తల్లులు పాలగిన్నెలు పట్టుకొని మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఇంట్లోకి గ్యాస్ వచ్చాక స్టవ్ సజ్జ ఎక్కింది. మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే మళ్లీ దిగింది.

ఈ స్టవ్‌ల వంశానికి మూలపురుషుడు స్వీడన్‌లో ఉన్నాడు. ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో వత్తి లేని, మసి పట్టని కిరోసిన్ స్టవ్ తయారుచేశాడు. దాని పేరు ప్రైమస్. 1911లో నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి వెంట తీసుకుపోయింది దాన్నే. అక్కడ మంచు కరిగించింది, మా జాతరలో ఉప్మా ఉడికించింది ఒక్క జాతి స్టవ్‌లే.

మంట నీలంగా ఎందుకు వస్తుందంటే, అందులో మండేది నూనె కాదు, నూనె ఆవిరి. ముందు బర్నర్ కింది గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి బర్నర్‌ను వేడిచేస్తాం. పంపు కొడితే గాలి ఒత్తిడికి కిరోసిన్ పైకెక్కి, ఆ వేడికి ఆవిరై, నిపుల్‌లోని సన్నని రంధ్రంలోంచి తన్నుకొస్తుంది. బర్నర్ సరిగా కాగకముందే పంపు కొట్టారో, పచ్చి నూనె చిమ్మి మంట కనుబొమ్మల దాకా లేస్తుంది. ఓపిక లేనివాళ్ల వస్తువు కాదిది.

బాగుచేద్దామని కూర్చుని మొదట్లోనే తప్పు చేశాను. మెరవాలని ట్యాంకును రాత్రంతా చింతపండు పులుసులో నానబెట్టాను. తెల్లారి చూస్తే ఇత్తడి మీద ఎర్రటి మచ్చలు. పులుపు ఎక్కువసేపు తగిలితే ఇత్తడిలోని జింకు పోయి రాగి బయటపడుతుందట. చింతపండుతో రుద్ది వెంటనే కడిగేస్తే సరిపోయేది. అయినా అద్దంలా మెరిపించాలన్న పిచ్చి మనకెందుకు? మా నాయిన మేకుతో గీసుకున్న పేరు అరిగిపోకుండా మిగిలింది, అదే పదివేలు.

అసలు ప్రాణం పంపులో ఉంటుంది. కడ్డీ చివర చిన్న గిన్నెలాంటి తోలు వాషర్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండి అది అప్పడంలా అయింది. పంపు కొడితే గాలి ఎక్కదు. అలాంటప్పుడు వెంటనే పారేయకండి, రెండు రోజులు ఆముదంలో నానబెట్టండి. ఆముదానికి మన పాలమూరులో, నల్లగొండలో ఒకప్పుడు కొదవే లేదు! మాది మాత్రం చిట్లిపోయింది. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోతే అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్నేండ్లయింది బిడ్డా ఇసొంటిది కోసి" అని నవ్వి, పది నిమిషాల్లో కొత్తది కోసిచ్చాడు. కురుమూర్తి స్వామికి ఏటేటా ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, కుట్టే నేల కదా, తోలు పని చేతిలోనే ఉంటుంది.

నిపుల్‌ను స్టవ్ పిన్నుతోనే పొడవాలి. రేకు ముక్క చివర వెంట్రుకలాంటి తీగ ఉంటుందే, అదే. మా అమ్మ ఎప్పుడో కుట్టుసూదితో పొడిచిందట. రంధ్రం పెద్దదై మంట పసుపుగా, మసిగా వచ్చింది. కొత్త నిపుల్ వేస్తే గాని దారికి రాలేదు.

వెలిగించే ముందు ఒక్క పరీక్ష తప్పదు. ఖాళీ ట్యాంకు మీద గాలి వదిలే స్క్రూ బిగించి, నిపుల్‌ను వేలితో మూసి, నాలుగుసార్లు పంపు కొట్టి బకెట్ నీళ్లలో ముంచాలి. బర్నర్ కింద బుడగలొస్తే అక్కడి వాషర్ మార్చవచ్చు. ట్యాంకు అతుకు దగ్గర వస్తే మాత్రం ఆశ వదులుకోండి, అల్మారాలో పెట్టుకొని చూసుకోవడానికే అది. బాగున్న ట్యాంకును ఎండలో ఆరబెట్టి, ముప్పావు వంతు మించకుండా కిరోసిన్ పోయండి. కిరోసిన్ దొరకడం లేదని పెట్రోలు పోస్తే అది స్టవ్ కాదు, బాంబు.

మాది వెలిగింది, వాకిట్లో. టీ పెట్టాం. ఆ బుస వినగానే మా అమ్మ లోపలి నుంచి కేకేసింది, "పిన్ను దగ్గర పెట్టుకున్నవా?" అని.