తిమింగలం నూనె, బెంగాల్ నార: డండీ మిల్లుల సంగతి

సభకు నమస్కారం.

స్కాట్లాండ్ తూర్పు తీరంలో, టే నది సముద్రంలో కలిసే చోట డండీ అనే ఊరుంది. ఒకప్పుడు ప్రపంచంలో సగం సరుకు ఈ ఊరి గోనెల్లోనే ప్రయాణం చేసిందంటే పెద్ద అతిశయోక్తి కాదు. జనపనార పండేది బెంగాల్లో. అది పత్తి మిల్లుల మాంచెస్టర్‌కో, పెద్ద రేవున్న గ్లాస్గోకో పోకుండా డండీలోనే ఎందుకు దిగింది? జవాబు మగ్గాల దగ్గర దొరకదు. నూనె డబ్బా దగ్గర మొదలుపెట్టాలి.

నారను చేతిలోకి తీసుకుని చూస్తే ఆరేడు అడుగుల పొడవు కనిపిస్తుంది. నిజానికి ఆ పొడవంతా ఒకే పీచు కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల కణాలు ఒకదానికొకటి అతుక్కుని అలా సాగుతాయి. పైగా ఇందులో లిగ్నిన్ పన్నెండు శాతం పైమాటే. చెక్కకు బిరుసుతనం ఇచ్చే పదార్థం అదే. అందుకే ఎండు నారను యంత్రంలో పెడితే వంగదు, పుటుక్కున తెగుతుంది. 1820ల్లో వచ్చిన మొదటి నమూనాలతో డండీ మిల్లుల వాళ్లు పడ్డ తిప్పలు ఇవే. వాళ్ల యంత్రాలన్నీ రష్యా నుంచి వచ్చే అవిసెనారకు అమర్చినవి. మెత్తటి అవిసెనారకు అలవాటుపడ్డ ఆ యంత్రాల పళ్ల మధ్య జనపనార నలిగి దుమ్మయ్యేది.

దారి దొరికింది 1830ల్లో. నారమీద నీళ్లూ, తిమింగలం నూనే కలిపి చల్లి, కొంతకాలం మగ్గనిస్తే మెత్తబడింది. నీళ్లొక్కటే చాలవా అంటే చాలవు. పీచును వంగేలా చేసేది నీళ్లే, కానీ యంత్రం వేడికి ఆ తడి ఇట్టే ఆరిపోతుంది. నూనె తడిని పట్టి ఉంచుతుంది, పీచుకూ ఇనుప పళ్లకూ మధ్య జారుడు ఇస్తుంది. తిమింగలాల వేట ఓడలు డండీ రేవులో అప్పటికే ఉన్నాయి. అవిసెనార బట్ట నేసే చేతులూ ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కనే ఉన్న ఊరు కాబట్టి పీచు ఇక్కడ లొంగింది. ఆ తర్వాత మిల్లులే వేటను బతికించాయి. మిగతా బ్రిటిష్ రేవులు తిమింగలాల వేట మానుకున్నా డండీ ఓడలు మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆర్కిటిక్ వైపు వెళ్తూనే వచ్చాయి.

ఇక గిరాకీ. 1838లో డచ్ ప్రభుత్వం తూర్పు ఇండీస్ (నేటి ఇండోనేషియా) కాఫీకి జనపనార సంచులు కావాలంది. 1854లో బ్రిటన్ రష్యా మీద క్రిమియా యుద్ధంలోకి దిగింది, రష్యా అవిసెనార రాక దెబ్బతింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం వచ్చింది. ఎక్కడ యుద్ధమైతే అక్కడికి గోనెలు కావాలి: ఇసుక మూటలకు, గుర్రాల దాణాకు, బళ్ల మీద కప్పడానికి. డండీ లాభాల పట్టీ యుద్ధాల పట్టీతో పాటే పెరిగిందని చెప్పక తప్పదు.

ఇప్పుడు మిల్లు లోపలికి వెళ్దాం. బేలు, అంటే ఓడలో వచ్చే నార మూట, 400 పౌండ్లు, అంటే సుమారు 180 కిలోలు. ఓడలో చోటు కలిసిరావాలని ప్రెస్సులో అదిమి కట్టడం వల్ల చెక్క దిమ్మలా ఉంటుంది. దాన్ని విప్పి, చేతి కట్టలుగా విడదీసి, గాళ్లున్న రోలర్ల జతల మధ్యకు పంపుతారు. పైనుంచి నూనె, నీళ్లు పడుతుంటాయి. నూనె నార బరువులో అయిదు శాతం అటూ ఇటూ, నీళ్లు ఇరవై శాతం పైన. తర్వాత గుట్టగా పేర్చి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. మొదలు వైపు బెరడు అంటిన గట్టి ముక్కలైతే ఇంకా ఎక్కువ రోజులు మగ్గాలి.

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. తడి తక్కువైతే కార్డింగులో, అంటే నారను దువ్వే దశలో, పీచు విరిగి గాల్లోకి లేస్తుంది, వడికేటప్పుడు పోగులు అదే పనిగా తెగుతాయి. తడి ఎక్కువైతే నార రోలర్లకు చుట్టుకుంటుంది. యంత్రం ఆపకుండా ఆ చుట్టును కోసి తీయబోతే వేళ్లకే ప్రమాదం. నూనె ఎక్కువైతే గోనెకు వాసన పట్టి లోపలి తిండి సరుకు పాడవుతుంది. గుట్టను మరీ ఎక్కువ కాలం వదిలేస్తే లోపల వేడెక్కి పీచు బలం పోతుంది. బెంగాల్లో తడి నారను మోసం చేసి బేలు కడితే ఇంకో జబ్బు. పైకి బాగానే ఉంటుంది, విప్పితే మధ్యలో గోధుమరంగు పొడి. డండీ వాళ్లు దానికి పెట్టిన పేరు కూడా గుండె చెడిపోయిందనే అర్థంలోనే ఉంటుంది.

కార్డింగ్ యంత్రం అంటే పళ్లు గుచ్చిన పెద్ద డోలు. తూకం వేసిన నార మోపును, యంత్రం మీది గడియారపు ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు సమంగా పరిచి లోపలికి ఇవ్వాలి. ముల్లు ముందు తిరిగిందంటే బయటికొచ్చే నార పట్టీ పలచబడుతుంది, మోపు ముందు అయిపోయిందంటే మందమవుతుంది. నూలు తూకం అంతా ఆ చేతులమీదే ఆధారపడింది. ఆ తూకానికి డండీ కొలత ఒకటుంది: 14,400 గజాల నూలు ఎన్ని పౌండ్లు తూగితే అది అన్ని పౌండ్ల నూలు. సన్నటి గోనెపట్టకు ఎనిమిది పౌండ్ల నూలు, ముతక సంచుల పేకకు ఇరవై పౌండ్ల పైన. పత్తి నూలు లెక్కకు ఇది తలకిందులు. అంకె పెరిగేకొద్దీ ఇక్కడ నూలు లావవుతుంది.

ఈ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. మగపిల్లల్ని తక్కువ కూలికి పెట్టుకుని, పెద్దవాళ్ల కూలి ఇవ్వాల్సిన వయసు రాగానే పంపేసేవారు. ఇంట్లో ఉండి టీ నీళ్లు కాచే మగవాళ్లకు ఊళ్లో 'కెటిల్ బాయిలర్లు' అని పేరు పడింది. పిల్లలు సగం పూట బడి, సగం పూట మిల్లు. మగ్గాల చప్పుడుకు చెవులు పోయేవి కాబట్టి పెదవుల కదలికను బట్టీ, చేతి సైగలతోనూ మాట్లాడుకునేవారు. అయినా మెట్లు మెట్లే: నేత ఆడవాళ్లు టోపీ, చేతి తొడుగులు వేసుకుని పనికి వచ్చేవారు, వడికేవాళ్లు శాలువా కప్పుకునేవారు. ఒకే గేటు, రెండు కులాలు అనుకోండి.

యజమానుల డబ్బు ఎటు పోయింది? కొంత పడమటి, తూర్పు శివార్లలోని మేడల్లోకి. కొంత ఊరికే తిరిగొచ్చింది, నార మిల్లుల యజమాని జేమ్స్ కెయిర్డ్ ఇచ్చిన డబ్బుతో కట్టిన కెయిర్డ్ హాలు 1923లో తెరుచుకుంది. కానీ చాలా సొమ్ము అమెరికా రైల్వేలకు, భూములకు వెళ్లింది. డండీలో పుట్టిన రాబర్ట్ ఫ్లెమింగ్ 1873లో పెట్టిన పెట్టుబడి ట్రస్టు, అంటే చాలామంది సొమ్ము కలిపి మదుపు చేసే సంస్థ, దీనికి పెద్ద దారి. మరోవైపు 1855లో జార్జ్ ఆక్లాండ్ కలకత్తా దగ్గర రిష్రాలో తొలి మిల్లు పెట్టాడు, యంత్రాలు డండీవే. ఆ తర్వాత మేనేజర్లు, మిస్త్రీలు కూడా డండీ నుంచే వెళ్లారు. నార పక్కనే, కూలి చవక. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కలకత్తా డండీని దాటిపోయింది. పోటీని తయారుచేసి ఎగుమతి చేసింది డండీయే. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు, యంత్రాలు పోతపోసే ఫౌండ్రీ వాళ్లకు యంత్రం అమ్ముడుపోవడమే లాభం.

మనకూ ఒక ముక్క ఉంది ఇందులో. బ్రిటిష్ నార వ్యాపారుల పుస్తకాల్లో 'బిమ్లిపటం జూట్' అని కనిపించేది మన గోగునారే. భీమునిపట్నం రేవు నుంచి ఓడెక్కడం వల్ల ఆ పేరు. జనపనారకంటే ముతక కాబట్టి సంచుల నూలులో కలిపేవారు. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లుల చుట్టుపక్కల పెరిగినవాళ్లకు గోగు ఊరవేసిన చెరువు వాసన వేరే చెప్పక్కర్లేదు.

నేల మీద పరిచే లినోలియం, ఆపైన తివాచీలు, వీటి అడుగున వేసే నార పట్టా డండీని ఇంకొన్నాళ్లు నిలబెట్టింది. 1960ల నుంచి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఆ చోటునూ తీసుకుంది. ఆఖరి నార ఓడ 1998లో వచ్చింది, మరుసటేడు ఆఖరి నూలు మిల్లు మూతపడింది.

ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు ఏం చూడాలి? వెర్డంట్ వర్క్స్ 1833లో అవిసెనారకు కట్టిన మిల్లు, 1996 నుంచి మ్యూజియం. లోపల స్తంభాలు, కప్పు వాసాలు పోత ఇనుము. నూనె నానిన దుమ్ముకు నిప్పంటుకుంటే ఆరదు, చెక్క కప్పులుంటే మిల్లు మొత్తం పోతుంది. నేత షెడ్లు చాలావరకు ఒకే అంతస్తు, కప్పు రంపం పళ్లలా ఉంటుంది. మగ్గాల అదురుకు పై అంతస్తు నిలవదు. పళ్లకు అద్దాలు ఉత్తరం వైపే ఎందుకంటే, ఎండ నేరుగా పడని సమమైన వెలుగులోనే తెగిన పడుగు పోగు కనిపిస్తుంది. డండీలోని లాకీ పేటలో కాక్స్ సోదరులు నడిపిన కాంపర్‌డౌన్ వర్క్స్ అనే మిల్లులో ఒకప్పుడు సుమారు అయిదు వేలమంది పనిచేసేవారు. 1981లో మూసేశారు. 282 అడుగుల పొగగొట్టం మిగిలింది. 1860ల నడుమ రంగురంగుల ఇటుకలతో ఇటలీ గంటగోపురంలా కట్టారు. దగ్గరికి వెళ్లి తల ఎత్తకముందు చుట్టూ చూడండి, ఇప్పుడు అక్కడ ఉన్నవి ఇళ్లు, దుకాణాలు. పొగగొట్టం కింద మిల్లు ఎంతవరకు ఉండేదో ఆ వీధులు నడిస్తేనే తెలుస్తుంది.